ఏడో అధ్యాయం మీద పిన్ని అభిప్రాయం

తపాలా ఆఫీసులో పార్సిళ్ళు తూచే పిన్ని వారానికి రెండు పుస్తకాలు చదువుతుంది. ఒకటి నవల, ఒకటి నిజం పుస్తకం. నిజం పుస్తకం అన్నది ఆవిడ పెట్టుకున్న పేరే. జీవితచరిత్రలు, యాత్రలు, ఎవరెవరి జ్ఞాపకాలో, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. శనివారం సాయంత్రం లైబ్రరీకి వెళ్ళి, వెనకట్టకు అంటించిన కాగితం మీద పెన్సిల్‌తో తన అభిప్రాయం రాసి పుస్తకం తిరిగిచ్చేస్తుంది. సోమవారం తలుపులు తీసేసరికి ఆ పుస్తకం తనను తాను సరిచేసుకుని ఉంటుంది. ఎక్కడెక్కడ ఎన్ని కాపీలుంటే అన్నీను.

దీనికి ఆ వీధిలో ఎవరూ నోళ్ళు వెళ్ళబెట్టరు. లైబ్రేరియన్ బాధల్లా అలమరలో చోటు చాలకపోవడమే.

"ఆ దీపస్తంభం నవల మీద ఏం రాశారండీ? నలభై పేజీలు పెరిగింది," అని సణిగాడు మొన్న.

"కాపలావాడు పెళ్ళాన్ని తలుచుకుని రెండొందల పేజీలు ఏడ్చాడు నాయనా. ఆవిడకి నోరు లేదా అని అడిగాను, అంతే."

ఆవిడకి నోరొచ్చింది. ఇప్పుడు అందరూ ఆ నలభై పేజీలే చదువుతున్నారు. తేనెటీగల పెంపకం మీద ఒకాయన నిజం పుస్తకం రాస్తే, "ఇరవై ఏళ్ళలో ఒక్కటీ కుట్టలేదా? కోతలు" అని రాసింది పిన్ని. సోమవారానికి పుస్తకంలో పదకొండు చోట్ల కుట్టాయి. "మా ఆవిడ నన్ను చూసి నవ్వుతోంది" అని పాపం ఆయన లైబ్రరీకి ఉత్తరం కూడా రాశాడు. పిన్ని అభిప్రాయం కొత్తగా దేన్నీ పుట్టించదు. రాసినవాళ్ళు తెలిసీ వదిలేసినదాన్ని బయటికి లాగుతుంది, అంతే.

అలాంటి పిన్నికి సొంత అక్కే తను రాసిన జ్ఞాపకాల పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. అక్క ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. తల్లి పోయాక పిన్నిని పెంచి, చదివించి, ఉద్యోగంలో చేరేదాకా వెంట ఉన్నది ఆవిడే.

"చదివి లైబ్రరీకి ఇవ్వు. కానీ ఈ ఒక్కదాని మీద పెన్సిల్ పెట్టకు," అంది అక్క.

"ఎందుకక్కా?"

"పెట్టకు అన్నానా? నీకోసం ఇంత చేశాను, ఇదొక్కటీ నాకోసం చెయ్యి."

పిన్ని పుస్తకమంతా చదివింది. అబ్బ, ఎంత బాగా రాసిందనీ. జ్వరం పిల్లల నుదుళ్ళ గురించి రాసిన చోట కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఏడో అధ్యాయంలో మాత్రం రుచి పోయింది. ఒకే రంగు మూతలున్న రెండు మందు సీసాలు ఒకే ట్రేలో పెట్టడం ఆ వార్డులో అలవాటట. ఒకరోజు పొద్దున కొత్తగా చేరిన జూనియర్ నర్సు ఒక మందుకు బదులు ఇంకోటి సిరంజిలో నింపి ఇంజెక్షన్ చేసింది. రోగి పోయాడు, ఆమె ఉద్యోగం పోయింది. పేజీన్నరలో అయిపోయింది. మిగతా పుస్తకమంతా అక్క గొంతు వినిపిస్తుంది, ఈ పేజీన్నరా ఆఫీసు కాగితంలా ఉంది. ఇక్కడ అక్క ఏదో దాచిందని పిన్నికి అర్థమైంది.

శనివారం ఏమీ రాయకుండానే పుస్తకం లైబ్రేరియన్ చేతికిచ్చింది. వెనక వరసలో డ్రైక్లీనింగ్ షాపు కౌంటర్‌లో కూర్చునే ఆవిడ ఉంది.

"అది నాకివ్వండి. ఆ ఏడో అధ్యాయంలో ఉన్నది నేనేనట," అంది ఆవిడ.

పిన్ని వెనక్కి తిరిగి చూసింది.

"ఆ సిరంజి నువ్వే నింపావా అమ్మా?"

"ఆ పొద్దున నేనూ సిస్టరూ కలిసి పన్నెండు నింపాం. ఏది ఎవరు నింపామో ఎవరికి గుర్తుంటుందండీ? నువ్వే నింపావన్నారు సిస్టర్. అంత పెద్దావిడ అబద్ధమెందుకు చెప్తారు? పంతొమ్మిదేళ్ళయింది, నేనే చంపాను."

పాలలో నీళ్ళు కలిశాయన్నంత మామూలుగా చెప్పింది ఆ మాట. పిన్నికి స్కూలుకెళ్ళేటప్పుడు రోజూ తన జడ అల్లిన అక్క చేతులు కళ్ళముందుకొచ్చాయి. అయినా లైబ్రేరియన్ దగ్గర పుస్తకం వెనక్కి తీసుకుని, "ఆ సిరంజి ఎవరు నింపారు?" అని రాసింది. ఆ నాలుగు మాటలూ రాయడానికి చాలాసేపు పట్టింది.

"సోమవారం రా అమ్మా, ఇస్తారు," అంది.

సోమవారానికి ఏడో అధ్యాయం మూడు పేజీలు పెరిగింది. సాయంత్రం అక్క తన కాపీ పట్టుకుని లైబ్రరీకే వచ్చింది. 

"తృప్తిగా ఉందా? ఇక వీధిలో తలెత్తుకోగలనా నేను?"

"భయపడుతూనే రాశానక్కా. నీ మీద ప్రేమేం పోలేదు. కానీ పంతొమ్మిదేళ్ళు తనే చంపాననుకుంటూ ఆమెను ఉండనిచ్చావు. ఆ కోపం నాకు తగ్గదు."

"సూది పొడిచాక ఖాళీ సీసా చూసుకున్నాను. అది నా ట్రేలోది, నేను నింపిందే. చెప్దామనే అనుకున్నాను. ఇవాళ, రేపు అనుకుంటూ..."

కిటికీ దగ్గర డ్రైక్లీనింగ్ షాపావిడ ఆ మూడు పేజీలూ నిలబడే చదువుతోంది. అయిపోయాక మళ్ళీ మొదటికి తిప్పి చదివింది. పుస్తకం మూసి అక్క దగ్గరకొచ్చింది. తిడుతుందేమోనని పిన్ని మధ్యలోకి వెళ్ళబోయింది. ఆవిడ తిట్టలేదు.

"మా అమ్మకి షుగర్, సిస్టర్. రోజూ ఇంజెక్షన్ చెయ్యాలి. నర్సువి కదే, నువ్వు చెయ్యవే అని అడిగేది. నా చేత్తో వద్దమ్మా అని పక్కింటావిణ్ణి పిలిచేదాన్ని. పోయేదాకా అడుగుతూనే ఉంది."



ఆవిడ రెండు చేతులూ చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"అయితే నా హస్తవాసి మంచిదే అన్నమాట," అంది.