పేర్లు తీసేసిన జాబితా

ఆస్పత్రి వాళ్లు పేర్లు తీసేసి ఇచ్చిన రోగుల జాబితాలో మనుషులను గుర్తుపట్టవచ్చో లేదో తేల్చడమే ఆమె పరిశోధన. పుట్టిన తేదీ, వీధి, వృత్తి కలిపి వెతుకుతుంటే ఒక వరుస దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ వరుసలో ఉన్న కుట్టుపని టీచరు తన సొంత అక్కే. ఎదురుగా క్యాన్సర్ అని ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ జాబితాను ఎవరికీ ఇవ్వకూడదని నివేదిక రాసి, నేరుగా అక్క ఇంటికి వెళ్లి జరిగింది చెప్పేసింది.

అక్క ముఖం పాలిపోయింది. “కడుపులో దాచుకున్న మాటని కంప్యూటర్లో చదివేశావా?”

“కావాలని చూడలేదక్కా. నన్ను క్షమించు.”

అక్క లేచి వీధి తలుపు దగ్గరగా వేసింది. “ఇంకెవరికైనా తెలుసా?”

“లేదు. నేను చెప్పను.”

“అమ్మకి నేనే చెప్పుకుంటాను. నువ్వు సోమవారం నాతో ఆస్పత్రికి రా. ఒక్కదాన్నే కూర్చోవాలంటే భయంగా ఉందే,” అంది అక్క.