నడిగోడలో ఉప్పునీళ్ళు

నడిగోడ కూలిన వరద ఏడాది ఇది జరిగింది. దానికి ముందు వచ్చిన వరద గడప దాకా వచ్చి వెనక్కి పోయింది కాబట్టి మా వీధిలో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇది మాత్రం ఇంట్లోకొచ్చి, మంచాలు తేల్చి, పోతూ పోతూ హాల్లో నడిగోడని పడగొట్టి పోయింది.

నడిగోడ అంటే నాకూ నా తమ్ముడికీ మధ్య గోడ. మా నాన్న కట్టింది ఒకటే ఇల్లు. ఆయన పోయాక మధ్యలో గోడ పెట్టి రెండు చేసుకున్నాం. వీధివైపు తలుపులు రెండు, వెనక డాబా మెట్లు మాత్రం ఒకటే. చాలా ఏళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఒక నిచ్చెన దగ్గర మొదలైంది. నిచ్చెన ఎవరిదో, ఎవరు తిరిగి ఇవ్వలేదో ఇప్పుడు ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. ముందు మాట మానేసింది ఎదుటివాడేనని మాత్రం ఇద్దరికీ బాగా గుర్తుంది.

నేను సామిల్లులో పనిచేశాను. రంపం దగ్గర నిలబడేవాడికి మాట్లాడే అలవాటుండదు. మాట్లాడినా ఎవరికీ వినపడదు. తమ్ముడు టెలిఫోను ఆఫీసులో పనిచేశాడు. ఊళ్ళోవాళ్ళందరినీ ఒకరితో ఒకరిని కలిపి రిటైరయ్యాడు.

ఆడవాళ్ళ మధ్య ఏమీ లేదు. నా భార్యా మరదలూ డాబా మీద బట్టలారేస్తూ మా ఇద్దరినీ కలిపి తిట్టుకునేవాళ్ళు.

గోడ కూలిన చోట నేను టార్పాలిన్ కట్టాను. నేను కట్టింది నాదని, అటువైపు నుంచి అతను ఇంకొకటి కట్టాడు. గాలి వీచినప్పుడు రెండూ ఒకదాన్నొకటి కొట్టుకునేవి. మేం ఊరుకునేవాళ్ళం.

ఒకరోజు అద్దాల మేస్త్రి వచ్చాడు. దుకాణాలకీ హోటళ్ళకీ చేపల తొట్లు కట్టే మనిషి. చంకలో చుట్టిన కాగితం.

"అయ్యా, మీ తమ్ముడుగారు పంపించారు. కూలిన చోట ఇటుకలు వద్దంటున్నారు. గోడకి బదులు పెద్ద అద్దాల తొట్టి కట్టిస్తారట. అటూ ఇటూ జానెడు ముందుకొస్తుంది. ఉప్పునీళ్ళు, సముద్రపు చేపలు. ఖర్చంతా ఆయనదే. గోడలో సగం మీది కాబట్టి మీ మాట కావాలి."

నా భార్య వంటింట్లోంచి వచ్చింది. "వరద నీళ్ళు తోడిపోసి నా నడుం ఇంకా తిన్నగా లేవడం లేదు. నీళ్ళు పడగొట్టిన గోడని నీళ్ళతోనే కడతాడా మా మరిది?"

నేను కాగితం విప్పి చూశాను. చదువు మూడో తరగతే గానీ గీత అర్థమవుతుంది. తొట్టి పైన మూత అతని వైపుకే తెరుచుకునేట్టు గీసి ఉంది.

"మూత?" అన్నాను.

"అటువైపేనండీ. మేత వేసేదీ శుభ్రం చేసేదీ వాళ్ళే కదా."

"గోడ సగం నాది. మూత సగం ఇటు."

"సగం మూతతో మీరేం చేస్తారండీ?"

"తెరుస్తాను."

టార్పాలిన్ అవతల దగ్గు వినపడింది. తమ్ముడు అంతా వింటూనే ఉన్నాడు. అయినా మేస్త్రి వీధిలోకి వెళ్ళి, పక్క తలుపులోంచి దూరి, అతనికి చెప్పాడు. అతను చెప్పింది నాకు వినపడింది. అయినా మేస్త్రి మళ్ళీ వీధిలోంచి తిరిగొచ్చి నాకు చెప్పాడు. "మూత ఇస్తారట. కానీ మేత మాత్రం ఆయనే వేస్తారట. ఇటువైపు చేతులు నీళ్ళలోకి రాకూడదట."

"సరే అను."

"విన్నారు కదండీ పాపం," అని మేస్త్రి టార్పాలిన్ వైపు చూశాడు. నేను వీధి తలుపు చూపించాను. మళ్ళీ వీధిలోకి వెళ్ళాడు.

పని మొదలైంది. ఉప్పునీళ్ళ బరువుకి నేల కుంగిపోతుందని తవ్వి కాంక్రీటు పోశారు. ఇనప కాళ్ళు నిలబెట్టి, తుప్పు పట్టకుండా రంగు మీద రంగు వేశారు. అద్దాలు వచ్చిన రోజు అవి తమ్ముడి తలుపులో పట్టలేదు. నా తలుపులోంచే తేవాల్సి వచ్చింది. ఆ పూట నాకు అన్నం బాగా సహించింది.

డ్రమ్ముల్లో ఉప్పు కలిపి, తేలే గొట్టంతో ఉప్పదనం చూసి, నీళ్ళు నింపారు. అడుగున ఇసక, మధ్యలో రాళ్ళు. పక్కన నురగ తీసే గొట్టమొకటి గురక పెట్టేది. చేపలెక్కడని నా భార్య అడిగింది.

"నెల పైన ఆగాలమ్మా," అన్నాడు మేస్త్రి. "నీళ్ళు పాతబడాలి. కంటికి కనపడని పురుగులు పుట్టి, చేపల మురికిని తినేంత బలం రావాలి. ఇప్పుడే వేస్తే చచ్చిపోతాయి. ఆ రాళ్ళు ఉత్త రాళ్ళు కావు, వాటిలో ప్రాణముంది."

"ప్రాణముంది గానీ మాటల్లేవన్నమాట," అంది నా భార్య. "మా ఇంట్లో ఒకటుంది, పక్కింట్లో ఒకటుంది. ఇంకా కొనడమెందుకు?"

అలా నెల పైన రెండిళ్ళవాళ్ళం రాళ్ళని చూశాం. తమ్ముడు అటువైపు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నీళ్ళలోంచి అతని మొహం వంకరగా కనపడేది. జుట్టంతా నెరిసింది. పంచె అంచుతో కళ్ళజోడు తుడుచుకోవడం చూశాను. మా నాన్న అలాగే తుడుచుకునేవాడు. కిటికీ దగ్గర ఉండే నా కుర్చీని నేను తొట్టి ముందుకి జరుపుకున్నాను.

"అక్కడికెందుకు?" అంది నా భార్య.

"వెలుతురు."

"ఆహా. పేపరు తలకిందులుగా పట్టుకున్నారు, వెలుతురెక్కువై కాబోలు."

చేపలు వచ్చాయి. పసుపుపచ్చది ఒకటి, అరచేయంత. చారలవి రెండు. రాళ్ళ సందులో దాక్కుని మేత వేళకి మాత్రమే బయటికొచ్చేది ఇంకొకటి. దానికి నా భార్య అల్లుడని పేరు పెట్టింది. పచ్చదాన్ని పచ్చదనే అన్నాం.

తమ్ముడు పొద్దున నడకకి వెళ్ళగానే పచ్చది మా వైపు అద్దానికి మూతి ఆనించి నోరు తెరుస్తూ మూస్తూ ఉండేది. వీడు సరిగ్గా మేత వేయడం లేదనుకున్నాను. చిన్నప్పుడు కూడా వాడి పళ్ళెంలోది ఎవరికీ పెట్టేవాడు కాదు. బజార్లో మేత డబ్బా కొన్నాను. అటు కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు మూత ఎత్తి చిటికెడు వేసేవాణ్ణి. అతను చూస్తుండగా వేస్తే ఒప్పందం తప్పినట్టవుతుంది. నా భార్య చూస్తుండగా వేస్తే ఊరంతా తెలుస్తుంది. ఇద్దరూ చూడకుండా వేసేవాణ్ణి.

కొన్ని వారాలకి నీళ్ళు మసకబారాయి. మేస్త్రి నీళ్ళు మార్చాడు, మోటారు మార్చాడు, ఉప్పు మంచిది కాదన్నాడు, ఉప్పు కూడా మార్చాడు. అద్దం మీద పాచి పట్టింది. గీకిన రెండ్రోజులకే మళ్ళీ పట్టింది. చారలవి రెండూ ఒకదాని తర్వాత ఒకటి తేలాయి. అల్లుడు మేత వేళకి కూడా రావడం మానేశాడు. పాచి కిందనుంచి పైకి ఎక్కుతూ వచ్చింది. ముందు తమ్ముడి చెప్పులు కనపడటం మానేశాయి. తర్వాత చేతులు. తర్వాత కళ్ళజోడు మాత్రం మెరిసేది. ఆఖరికి అదీ లేదు.

ఒక మధ్యాహ్నం మరదలు డాబా మెట్ల మీద నుంచి మా వంటింట్లోకి దిగింది.

"అక్కా, ఈయన తొట్టి తీయించేస్తున్నారు. అన్నం సరిగ్గా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. రేపు పొద్దున్నే ఇటుకలు దిగుతాయట. పచ్చదాన్ని మేస్త్రి పట్టుకెళ్తాడట. గోడ కట్టేస్తే పీడా పోతుందంటున్నారు." తర్వాత నా వైపు తిరిగింది. "బావగారూ, మీరైనా ఒక్క మాట..."

నేను పేపరు చూస్తున్నాను. "ఆయన్నా అడుగుతున్నావు?" అంది నా భార్య. "రాళ్ళనే అడుగు, నయం."

మరదలు వెళ్ళిపోయింది. నేను పేపరు మడిచాను. ఇటుకల్లోంచి మనిషి కనపడడు. అతని దగ్గు కూడా వినపడదు. ఈ వయసులో ఇంకోసారి గోడ కూలేంత వరద వచ్చేదాకా ఇద్దరం ఉండొద్దూ?

సాయంత్రం మేస్త్రి మా వైపు మూత మరలు వదులు చేసి పెట్టడానికి వచ్చాడు. మూత చెక్క వెనక చెయ్యి పెట్టి ఒక డబ్బా బయటికి తీశాడు.

"ఇదేమిటండీ? మేత డబ్బా ఇటువైపు ఎందుకుంది? మీరు వేస్తున్నారా?"

"ఆయనెక్కడ వేస్తారు!" అని నా భార్య వంటింట్లోంచి అరిచింది. "అది నాది. మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు కాస్త వేస్తున్నాను. నోరు తెరుచుకుని చూస్తుంటే ఎలా ఊరుకోను?"

నేను లేచి, నా తలగడ కింద నుంచి నా డబ్బా తెచ్చి దాని పక్కన పెట్టాను.

మేస్త్రి నేల మీద కూలబడ్డాడు. "అయ్యో అయ్యో. అటువైపు అయ్యగారు పొద్దునా సాయంత్రం వేస్తారు. ఆయన చూడకుండా అక్కడి అమ్మగారు వేస్తున్నారట, నిన్ననే చెప్పి ఎవరితోనూ అనొద్దన్నారు. ఇప్పుడు మీరిద్దరూనా? నలుగురు మేపితే ఏ నీళ్ళు తట్టుకుంటాయండీ? అవి ఆకలితో చావలేదు, అరక్క చచ్చాయి! నా ఉప్పునీ మోటారునీ అనవసరంగా తిట్టాను." లేచి నిలబడ్డాడు. "ఉండండి, వెళ్ళి ఆయనకి చెప్తాను. మేత ఆపితే నీళ్ళు తేరుకుంటాయి."

"వద్దు," అన్నాను.

"మరి ఎవరు చెప్తారండీ?"

నేను రెండు డబ్బాలకీ మూతలు బిగించాను. నా భార్య గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి నన్నే చూసింది.

మర్నాడు తెల్లారేసరికి ఇటుకల బండి వచ్చి వీధిలో ఆగింది. పచ్చదానికి ఆఖరిసారి మేత వేయకుండా తమ్ముడు ఉండడని తెలుసు. నేను నా సగం మూత ఎత్తి నిలబడ్డాను. కాసేపటికి అటు సగం లేచింది. పాచిలోంచి మనిషి కనపడలేదు. నీళ్ళ మీదుగా చెయ్యి మాత్రం వచ్చింది, వేళ్ళ మధ్య చిటికెడు మేతతో. నేను ఆ మణికట్టు పట్టుకున్నాను.

"ఎవరది?" అన్నాడు. తెలియక కాదు.

"వెయ్యకు. మేమూ వేస్తున్నాం."

అతను చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"రోజూనా?"

"రోజూ. మీ వదిన కూడా. మీ ఆవిడ కూడా."

"అందుకా!" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అయినా అన్నయ్యా, ఆ నిచ్చెన మాత్రం నాదే."

వీధిలో బండివాడు హారన్ కొట్టాడు. ఎవరం వెళ్ళలేదు. నేను చెయ్యి వదల్లేదు. అతని వేళ్ళ సందులోంచి ఆ చిటికెడు మేతా జారి నీళ్ళలో పడింది. పచ్చది పైకొచ్చి, ఎవరు వేశారని అడక్కుండా తినేసింది.