ప్రార్థనలో పెట్టారు

మా మరదలు సువర్ణమ్మ ఏ నిర్ణయమూ తనంతట తాను తీసుకోదు. ప్రార్థనలో పెడుతుంది. ఇంటికి రేకులు వేయించాలా, పెంకులు నేయించాలా అన్నదీ పెట్టింది. మా చర్చి సంఘంలో అందరమూ అంతే, నేనేమీ మినహాయింపు కాదు. గురువారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో చాపలు పరుస్తారు, రెండు పాటలు పాడతారు, ఆ తరువాత ఒక్కొక్కరూ తమ ప్రార్థనాంశం చెబుతారు. చెప్పిన క్షణం నుంచి అది ఇంటి గుట్టు కాదు, సంఘం సొత్తు. కాశీబుగ్గలో మా పేటకి పేపరు వేయించుకునే అవసరం అందుకే రాలేదు.

ఆ గురువారం కూటం మా ఇంట్లో. తన వంతు రాగానే సువర్ణమ్మ ముసుగు సర్దుకుంది.

"మా పిల్ల స్తుతి కోసం ప్రార్థన సెయ్యండి. కొత్తగా పెట్టిన జిమ్నాస్టిక్స్ సెంటరుకి పంపాలో, ఇప్పుడున్నకాడే ఉంచాలో తెలీడం లేదు. దేవుడే దారి సూపాలి."

ఇప్పుడున్న చోటు అంటే మా ఆయన దగ్గర. మా ఆయన ఎబినేజర్, స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆమె ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఆమెకి ఎదురుగానే, బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆ సంగతి ఆయన వినడం అదే మొదటిసారి. నేను వినడమూ అదే మొదటిసారి. నా సొంత తమ్ముడు, సువర్ణమ్మ మొగుడు సత్యరాజు, రోజూ మా గుమ్మం ముందునుంచే ఆటో తిప్పుకుని వెళ్లేవాడు, మాట మాత్రం చెప్పలేదు. ఆ వేళ గోడకు చేరబడి తన పాదాల కేసి చూసుకుంటున్నాడు.

మందిరం వెనక ఖాళీ జాగాలో మా ఆయన ఆ పిల్లకి పల్టీలు నేర్పేవారు. బారువ వైపు నుంచి సముద్రపు ఇసుక తెప్పించి పోయించారు. ఉద్దానం కొబ్బరి పీచు కూరి, గోనెపట్టాతో పెద్ద పరుపు ఒకటి తానే కుట్టారు. ముక్కలుగా కుడితే మొయ్యడం తేలిక కదా అని నేనంటే, అతుకు ఉన్నచోటే పిల్ల పడుతుందన్నారు. తుపానుకి పడిపోయిన కొబ్బరిచెట్టును చెక్కించి, పాత దుప్పట్లు చుట్టి, నడవడానికి దూలం చేశారు. స్తుతి దాని మీద నడుస్తుంటే ఆయన కింద రెండు చేతులూ చాపుకుని కూడా నడిచేవారు. పిల్లను తాకేవారు కాదు. చేతులు మాత్రం అక్కడే ఉండేవి. మాకు పిల్లల్లేరు. ఆయన అలా చేతులు చాపి నడుస్తుంటే నేను పని మానేసి చూస్తుండేదాన్ని.

కొత్త సెంటరు కూర్మారావుది. సువర్ణమ్మ పొట్టు తీసే జీడిపప్పు కంపెనీ షావుకారు ఆయన. పాత గోడౌనుకి సున్నం కొట్టించి, నీలం రంగు స్పాంజి పరుపులు, ఇనుప కాళ్ల దూలం, గోడ నిండా అద్దం పెట్టించాడు. వాకిట్లో తన నిలువెత్తు ఫొటోతో బ్యానరు కట్టించాడు. విశాఖపట్నం నుంచి ఫణిశంకర్ అనే కోచ్‌ని తెచ్చాడు. తన కంపెనీలో పనిచేసేవాళ్ల పిల్లలకి ఫీజు లేదన్నాడు. ఆ అద్దం చూసినప్పటి నుంచి మా మరదలికి మందిరం వెనక జాగా మేకల దొడ్డిలా కనిపించసాగింది. పోనీ, ఆశపడటంలో తప్పు లేదు. అడిగితే చెప్పగల మనిషి ఎదురుగా ఉండగా కళ్లు మూసుకుంది చూడండి, అదే నాకు ఈనాటికీ మింగుడుపడదు.

ఎవరి ఇంట్లో కూటమైతే ఆ ఇంటాయనే ముగింపు ప్రార్థన చేయాలి, అది మా ఆనవాయితీ. మా ఆయన మోకాళ్ల మీదికి వచ్చారు. మేలైన చేతులు ఎక్కడుంటే ఆ బిడ్డను అక్కడికి నడిపించు ప్రభువా అని, గొంతు ఎక్కడా తొణక్కుండా ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. ఎంత బాగా చేశారు అని సువర్ణమ్మ కళ్లు తుడుచుకుంది.

జనం వెళ్లాక వంటింట్లో ఆయన్ని నిలదీశాను. పిల్ల ఇంకా ఎదగలేదనీ, మణికట్లలో బలం లేదనీ, రెండేళ్ల దాకా వెనక పల్టీ వేయించకూడదనీ అప్పుడు నాతో చెప్పారు. కొత్తచోట మొదటే అది వేయిస్తారనీ చెప్పారు. మరి ఆ మాట చాప మీదే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అడగలేదు కదే. ప్రార్థన సెయ్యమన్నారు, సేసేను."

"ఇప్పుడెల్లి సెప్పండి మరి."

"నాను సెప్తే, నా దగ్గర నుంచి పిల్ల పోతాదని సెప్పేనంటారు. వొద్దు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన అభిమానం ఆయనది, వాళ్ల భక్తి వాళ్లది, మధ్యలో ఉన్నది పదేళ్ల పిల్ల. పోనీ నేనే వెళ్తానంటే తన మీద ఒట్టు పెట్టి ఆపారు.

దేవుడు తొందరగానే పలికాడు, అదీ షావుకారు నోటితో. మర్నాడు కూర్మారావు కంపెనీలో తిరుగుతూ, పొట్టు తీస్తున్న సువర్ణమ్మ దగ్గర ఆగి, నీ కూతురు బాగా గెంతుతుందటగా, పంపించవేమని అడిగాడట. అన్ని ఏళ్లలో ఆయన ఆమెతో నేరుగా మాట్లాడటం అదే మొదలు. అంతకంటే గురుతు ఏం కావాలి? ఆ ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. గురువారం అడిగితే శుక్రవారం దేవుడు తలుపు తెరిచాడంది. అది మనుషులు తెరిచిన తలుపు కాదంది. పాస్టరుగారు స్తోత్రం అన్నారు, సంఘమంతా స్తోత్రం అంది. మా ఆయన కూడా అన్నారు. సాయంత్రం వెళ్లి దూలం మీద టార్పాలిను కప్పి తాడు కట్టి వచ్చారు.

మొదట్లో స్తుతి సెంటరువాళ్లిచ్చిన ఎర్ర బట్టలు వేసుకుని మా ఇంటికి చూపించడానికి వచ్చేది. తరువాత రావడం తగ్గింది. ఒక మధ్యాహ్నం నేను బియ్యం చెరుగుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. మణికట్టుకి గుడ్డ చుట్టి ఉంది. సెంటరుకి ఏడాది పండగ చేస్తారట, ఎవరో పెద్ద నాయకుడు వస్తాడట, ఆ లోపల వెనక పల్టీ వచ్చి తీరాలని షావుకారు హుకుం. కోచ్ కుర్రాడు చెడ్డవాడు కాదు. కానీ జీతగాడు. పిల్లలు ఎక్కువ, తను ఒక్కడు.

"అక్కడ కింద సేతులుండవు అత్తా," అంది. "మావయ్య దగ్గరికే వచ్చెత్తాను. అమ్మకి సెప్పవా?"

ఆ మాటతో ఒట్టూ గిట్టూ పక్కన పెట్టి కంపెనీ గేటు దగ్గర సువర్ణమ్మను పట్టుకున్నాను. మా ఆయన నాతో అన్నవీ, పిల్ల అన్నవీ, అన్నీ చెప్పాను. ఆమె కొంగుతో చేతులకి అంటుకున్న పొట్టు దులుపుకుంటూ విన్నది. ముఖం చూస్తే లోపల భయం ఉందని తెలుస్తూనే ఉంది. తల్లి కదా.

"మందిరంలో నిలబడి సాచ్చికం సెప్పేను వొదినా," అంది. "దేవుడు తెరిసిన తలుపని నోరారా సెప్పేను. ఇప్పుడు పిల్లని ఎనక్కి తెచ్చుకుంటే ఏటని సెప్పీది? దేవుడు తప్పు సేసేడనా, నాను అబద్ధమాడేననా?"

సంఘంలో చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నవాళ్లు మా పేటలో ఎవరూ లేరు, ఎలా తీసుకోవాలో ఎవరికీ తెలియదు. తమ్ముడిని అడిగాను. వాడు ఆటో అద్దం తుడుస్తూ, అంతా దానిష్టమే అప్పా, నాదేటుంది అన్నాడు. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచాడు.

ఏడాది పండగకి నేనూ వెళ్లాను. మా ఆయన రాలేదు. మైకులో పాటలు, కుర్చీల్లో పెద్దలు. స్తుతి పేరు చదివారు. పిల్ల పరిగెత్తుకొచ్చి వెనక్కి ఎగిరింది. ఆ స్పాంజి పరుపులు ఎంత మెత్తనివైనా ముక్కలు ముక్కలుగా పరిచినవి. రెండింటి మధ్య సందులో చెయ్యి పడింది. జనం చప్పట్లు మొదలెట్టి, మధ్యలో ఆపేశారు. పిల్ల ఏడవలేదు. మోచెయ్యి పట్టుకుని చుట్టూ చూసింది. ఎవరికోసం చూసిందో నాకు తెలుసు.

విరిగిన మోచేతికి వేసిన కట్టు విప్పాక చెయ్యి సగం వరకే సాగింది. సువర్ణమ్మ మళ్లీ ఆదివారం లేచి నిలబడింది. మెడ విరగాల్సిన పిల్లను చెయ్యి విరగడంతో తప్పించిన దేవునికి స్తోత్రం అని రెండో సాక్ష్యం చెప్పింది. మొదటి సాక్ష్యం నిలబెట్టుకోవాలంటే రెండోది చెప్పక తప్పదు మరి. సంఘం ఆమెన్ అంది. నేను అనలేదు. ఆమెను తిట్టుకున్నాను, దేవుడి మందిరంలోనే, మనసారా తిట్టుకున్నాను.

కొన్నాళ్లకి కూటం వాళ్లింట్లో పడింది. షావుకారు మళ్లీ పిల్లను పంపమన్నాడట. పంపాలో మానాలో తెలియడం లేదు, దేవుడే దారి చూపాలి, ప్రార్థన చేయండి అంది సువర్ణమ్మ. అందరం తలలు వంచాం. ముగింపు ప్రార్థన ఈసారి సత్యరాజు చేయాలి. వాడు గొంతు సవరించుకుంటుండగా మూల నుంచి స్తుతి మాట్లాడింది.

"దేవుడ్ని తరవాత అడుగుదురు గానీ, మావయ్యని అడగండి నాన్నా."

వంచిన తలలు లేచాయి. కూటంలో పిల్లలు మాట్లాడరు. సత్యరాజు భార్య కేసి చూశాడు, ఆమె చాప కేసి చూసింది. చివరికి వాడే, సెప్పు బావా, అన్నాడు.

మా ఆయన బైబిలు పక్కన పెట్టి, జరుగుతూ పిల్ల దగ్గరికి వెళ్లారు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా సాగదీశారు. అది ఎక్కడ ఆగుతుందో అక్కడ ఆగింది. మళ్లీ సాగదీశారు. అక్కడే ఆగింది.

"ఇంక ఎక్కడికీ వొద్దు," అన్నారు.

అంతే. అడగడానికీ చెప్పడానికీ కలిపి అంతసేపే పట్టింది. మొదటిరోజు మా ఇంట్లో చాప మీద అడిగినా అంతసేపే పట్టేది. అప్పుడైతే, 'ఇప్పుడే వొద్దు' అనేవారు.

పిల్ల చెయ్యి ఆయన చేతుల్లోనే ఉంది. సువర్ణమ్మ కళ్లు మూసుకుంది. ఎవరో పాట ఎత్తుకున్నారు, అందరూ అందుకున్నారు.