పల్లంరాజు ముంచిన నావ

మా నావను పల్లంరాజు చేజేతులా ముంచేశాడు. అదీ పట్టపగలు, కాకినాడ ఉప్పుటేరులో, నన్ను ఒక్క మాట అడక్కుండా.

డెబ్బయ్యో దశకం సంగతి. పెద్ద ఓడలు ఒడ్డు దాకా రాలేక సముద్రంలోనే లంగరు వేస్తే, మేం నావల మీద వాటికి బియ్యం చేరవేసేవాళ్ళం. నాకున్నది ఒక్క టేకు నావ. అది పోతే నా వ్యాపారం మూతే. దాన్ని నడిపే సరంగు పల్లంరాజు.

ఒక ఏడు కార్తీకంలో తుఫాను వస్తోందని రేవు ఆఫీసు మీద పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. నేను రేవుకు పరుగెత్తుకెళ్ళేసరికి మా నావ నిండా ఇసుక బస్తాలు, అంచుల దాకా నీళ్ళు. పల్లంరాజు దాని అడుగు కన్నానికి బిగించే బిరడా పీకి, చేత్తో పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు.

"పిచ్చెక్కిందా నీకు?" అని అరిచాను.

"తేలుతా ఉంటే గాలి లాక్కుపోయి జెట్టీకి కొడతాదండి. బురదలో పడుకుంటే ఏం కాదండి. మా తాత కూడా ఇలాగే ముంచేవోడండి."

"మీ తాత నావ మీ ఇష్టం. ఇది నాది. రేపట్నుంచి పనిలోకి రాకు!"

"అలాగేనండి" అంటూ బిరడా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. కోపంతో దాన్ని ఏట్లోకి విసరబోయి, ఎందుకో లాల్చీ జేబులో వేసుకున్నాను.

రెండు రోజులు తుఫాను వాయించేసింది. మూడో రోజు రేవును గుర్తుపట్టలేకపోయాను. క్రేను బోర్లా పడింది. గోడౌన్ల మీద రేకు ఒక్కటి లేదు, ఐసు ఫ్యాక్టరీకి గోడల్లేవు. నా కర్ర నావను చూసి నవ్విన ఆసాముల ఇనుప బార్జీలు ఒకదాన్నొకటి గుద్దుకుని రోడ్డెక్కాయి. మా నావ ఉన్నచోట ఎర్రనీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు.

సముద్రం పాటుకు ఏట్లో నీరు తగ్గి నావ అంచులు బయటపడేసరికి, పల్లంరాజు పదిమందితో దిగాడు.

"బిరడా ఉందాండి?"

జేబులోంచి తీసిచ్చాను. మునిగి బస్తాలు లాగేశారు, బిరడా బిగించారు, బకెట్లతో తోడారు. సాయంత్రానికి మా నావ లేచింది. ఒళ్ళంతా బురదే గానీ ఒక్క పలక చిట్లలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"రావద్దన్నాను కదయ్యా."

"ముంచింది నేనే గదండి. తేల్చకుండా ఎలా పోతానండి?"

"పోనీలే. రేవులో తేలే నావ మనదొక్కటే! రేపే గోడౌన్లలో మిగిలిన బియ్యం ఎత్తేద్దాం."

పల్లంరాజు తల అడ్డంగా ఊపాడు. "మొదటి లోడు ఇళ్ళ కప్పులకి తాటాకండి. తాళ్ళరేవు నుంచి తేవాలి. మా పేటలో ఒక్క ఇల్లు మిగల్లేదండి. మాదీ పోయింది. ఆడాళ్ళూ పిల్లలూ బడి వరండాలో ఉన్నారండి."

ఇల్లు పోయినవాడు ముందు నా నావ దగ్గరికి వచ్చాడని అప్పుడు తెలిసింది. అయినా షావుకారు బుద్ధి ఎక్కడికి పోతుంది?

"అడుగుతున్నావా, చెబుతున్నావా?" అన్నాను.

"చెబుతున్నానండి."

పంచె ఎగ్గట్టి నేనూ నావెక్కాను.