మేయరింటి పంక్తి

వాకిట్లో వినిపించే గొంతులను బట్టి ఎంత బియ్యం పోయాలో సుందరలక్ష్మికి తెలిసిపోయేది. ఆ పొద్దు గొంతులు ఎక్కువగా ఉన్నాయి, పైగా వాటిలో ఏడుపు కలిసివుంది. కడిగిన బియ్యం మీద ఇంకొన్ని పోసి, గుండిగను రెండు చేతులా పొయ్యి మీదికి ఎత్తింది. మోచేతిలో ఎప్పటి నొప్పే కలుక్కుమంది.

ఆమె భర్త దేవేంద్రప్ప ఆ ఊరికి మేయరు. గుడ్డలంగడి నడుపుకునే మనిషి, మాట పదునుతో పైకొచ్చాడు. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరెక్కి తానే పైపు పట్టుకున్నాడు. పంచె ఎగ్గట్టి మురుగుకాలవలో దిగాడు. నాసిరకం రోడ్డు వేసిన కాంట్రాక్టరు చెంప నడివీధిలో పగలగొట్టాడు. దేవుడన్నవాళ్లున్నారు, రౌడీ అన్నవాళ్లూ ఉన్నారు. అన్నింటికన్నా పేరు తెచ్చింది మధ్యాహ్నపు భోజనం. ఏ పని మీద వచ్చినవాళ్లయినా మేయరింట్లో తిని పోవాల్సిందే. "నా గడప తొక్కినోళ్లు ఆకలితో పోగూడదు" అని ఆయన మైకులో అంటే చప్పట్లు ఆగేవి కావు. టీవీ చానళ్లు జిల్లాల్లో కొత్తగా విలేకరుల్ని పెట్టుకుంటున్న రోజులవి. వాళ్లు వచ్చినప్పుడు గరిటె ఆయన చేతిలో ఉండేది. కెమెరా పక్కకు తిరగగానే అది ఆమె చేతికి వచ్చేది.

ఆయన చేసింది మంచి కాదని ఆమె ఏనాడూ అనుకోలేదు. గుట్టమీది వీధికి మొదటిసారి కుళాయి నీళ్లొచ్చిన రోజు, అక్కడి ఆడవాళ్లు వచ్చి తన చేతులు పట్టుకుంటే, ఆ నీళ్లలో తన వంతు కూడా ఉన్నట్టే పొంగిపోయింది. ఆ పొంగుతోనే కొన్నేళ్లు వండింది. మోచెయ్యి లేవనప్పుడు, వంటకొక మనిషిని పెట్టుకుందామంది. "కూలి మనిషి వండితే అది మేయరింటి అన్నం ఎట్లయితాది?" అన్నాడాయన. "మొగుడు ఊరినేలుతాండాడు, నీకు పొయ్యికాడ కూసోనీకి బరువా?" అంది అత్త రామేశ్వరమ్మ. రాయచోటిలో తన తమ్ముడి కూతురి పెళ్లికి పోయిన సుందరలక్ష్మి తలంబ్రాలు కాగానే బస్సెక్కింది, మర్నాటి పంక్తికి అందుకోవాలని. కుళాయిలు తెల్లారుజామున కాక కాస్త ఆలస్యంగా వదిలితే కూలికి పోయేవాళ్ల పిల్లలకు నిద్ర ఉంటుందని ఒకసారి చెప్పింది. "నువ్వు పులుసులో ఉప్పు చూసుకో" అని ఆయన నవ్వితే, పక్కనున్న కార్పొరేటర్లు కూడా నవ్వారు. ఆమె లోపలికి పోయి నిజంగానే ఉప్పు చూసింది. తనను చూసి తనకే అసహ్యం వేసింది ఆ క్షణాన.

ఈ పొద్దు వాకిట్లో ఏడుస్తున్నది గాజుల వీధి జనం. రోడ్డు వెడల్పు చేయాలని తెల్లవారగానే జేసీబీలు వచ్చి సగం వీధిని కూల్చేశాయి. నన్నీ బీ అంగడి కూడా పోయింది. సుందరలక్ష్మి పెళ్లై వచ్చిన నాటి నుంచి ఆమె చేతికి గాజులు తొడిగింది నన్నీ బీనే.

దేవేంద్రప్ప అందరినీ పంక్తిలో కూర్చోబెట్టాడు. లోపలికొచ్చి, "బాగా వడ్డించు. కడుపు నిండితే కోపం తగ్గుతాది" అని మెల్లగా చెప్పి, బయటికి పోయి గరిటె పట్టుకున్నాడు. కెమెరాలు ముందుకొచ్చాయి.

నన్నీ బీ ఆకు ముందు కూర్చుంది గానీ అన్నం ముట్టలేదు. "అన్నానికి రాలేదప్పా. గాజులన్నీ మట్టిలో కలిసిపాయె. ఒక్క మాట ముందు చెప్పింటే తీసుకుందుము గదా" అంది.

"ఎందుకు చెప్పలేదమ్మా? నెల ముందే ఇంటింటికీ మనిషిని పంపించినా" అన్నాడు దేవేంద్రప్ప.

"యాడ పంపించినావు? మా వీధికి ఎవరొచ్చినారు?"

పంక్తి అంతా గోలెత్తింది. ఆయన చెయ్యెత్తి, కెమెరాల వైపు తిరిగి నవ్వాడు. "నేను అబద్ధమాడేవాణ్ణో కాదో మా ఇంటామెను అడగండి. నన్ను ఆమెకన్నా ఎరిగినోళ్లు ఎవరున్నారు?"

నన్నీ బీ తలతిప్పి చూసింది. "చెప్పమ్మా. మాకు చెప్పినారా?"

పప్పు గిన్నెతో గడపలో నిలబడిన సుందరలక్ష్మికి ముందురోజు మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఆమె మజ్జిగ పోస్తుండగానే ఆయన ఫోనులో అన్నాడు: "చెప్పొద్దు. చెప్తే కోర్టుకు పోతారు. పొద్దున్నే కానియ్యండి." ఆమె అక్కడ ఉందన్న సంగతే ఆయనకు తట్టలేదు. ఆకు ఉన్నట్టు, గ్లాసు ఉన్నట్టు ఆమె ఉంది.

"చెప్పలేదు" అందామె.

"ఆమెకు ఈ సంగతులు తెలీవులే" అన్నాడాయన తొందరగా.

"తెలుసు. చెప్తే కోర్టుకు పోతారు, చెప్పొద్దని ఫోనులో అంటిరి. నేను ఈడనే ఉంటి."

గిన్నె కింద పెట్టింది. జనం ఆకులు వదిలి లేచారు. పోతూ పోతూ నన్నీ బీ ఆమె దగ్గర ఆగి, "రేపు కోర్టుకు పోతాండాం. జడ్జి అడిగినా ఇదే మాట చెప్తావా తల్లీ?" అంది. రామేశ్వరమ్మ అప్పటికే శాపనార్థాలు మొదలుపెట్టింది.

సాయంత్రానికి ఆ మాట టీవీలో వచ్చింది. మిగిలిన సగం వీధి దగ్గర జేసీబీలు ఆగిపోయాయి. దేవేంద్రప్ప వంటింట్లోకి వచ్చాడు. ఆయన అరుస్తాడనుకుంది. కానీ అరవలేదు. పీట మీద కూలబడి, అర్థంకాని పిల్లవాడిలా చూశాడు.

"ఎందుకట్లా చెప్పినావు లక్ష్మీ?"

"అడగమనింది మీరే గదా. వాళ్లు అడిగినారు. ఈ ఇంట్లో నన్నొక మాట అడిగింది ఈపొద్దే."

ఆయన తల వంచుకున్నాడు. "సరే, అయిందేదో అయింది. నువ్వు తెలీక అన్నావని రేపు టీవీవాళ్లకు చెప్తాలే. నువ్వు మాత్రం ఇంక బయటికి రావద్దు. పంక్తి సంగతి చూసుకో."

"పంక్తికి ఎవరినన్నా చూసుకోండి" అంది సుందరలక్ష్మి. "రేపు నేను నన్నీ బీతో కోర్టుకు పోతాండా."