పొట్టేలు మేసిన పదవి

సామ్రాజ్యమ్మ నోట్లోంచి ఒక మాట బయటపడిందంటే అది ఊరంతా తిరిగి, చివరికి అన్నం వేళకు ఆమె ఇంటికే వస్తుందని ఆమె మొగుడు జకరయ్య అంటుంటాడు. అన్నది మొగుడు కాబట్టి ఆమె చెవిన పెట్టలేదు. పెట్టి ఉంటే పోయినేడు పాలకేంద్రం మీటింగులో కాస్త నెమ్మదిగా మాట్లాడి ఉండేది.

కోట బస్తీకి తూర్పున, ఒకపక్క వరి చేలు, ఇంకోపక్క రొయ్యల గుంటలు ఉన్న ఊరు వాళ్ళది. పోయినేడు ఆ ఊరి పాలకేంద్రానికి వెంకటశేషమ్మ ప్రెసిడెంటు. అక్కడ పనిచేసే సుశీల్ కుమార్ పాలు చల్లబరిచే మిషను వేయడం మరిచి పెళ్ళికి పోయాడు. తెల్లారి చూస్తే ఊరి పాలన్నీ విరిగి ఉన్నాయి. మీటింగులో అందరూ సుశీల్ కుమార్‌ను దులిపేస్తుంటే సామ్రాజ్యమ్మ లేచి నిలబడింది.

"వాణ్ణని ఏం లాభం? వాడి పైన ఒక పెద్ద ఉండాది గదా! కింద తప్పు జరిగితే పైనున్నోళ్ళు దిగిపోవాల. అదీ మర్యాద!"

చప్పట్లు మారుమోగాయి. వెంకటశేషమ్మ కేంద్రం తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. అప్పటిదాకా నోరారా వదినా అంటే వదినా అని పిలుచుకున్న ఆడవాళ్ళిద్దరూ ఆ రోజు నుంచి ఎదురుపడితే ఒక "బాగుండావా"తో సరిపెట్టుకుంటున్నారు. న్యాయం చెప్పాక మొహమాటం ఎందుకని సామ్రాజ్యమ్మ కూడా ఆ గుమ్మం తొక్కలేదు.

ఆమె మాత్రం తక్కువ పెద్దా! చర్చి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆమె చెప్పందే చర్చిలో చాప పరవరు, విందుకి పొయ్యి రాజెయ్యరు. ఆ కుర్చీ ఎక్కకముందు ఆమె జకరయ్య పెళ్ళాం. ఎక్కాక జకరయ్యే సామ్రాజ్యమ్మ మొగుడైపోయాడు. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. అడిగితే మాత్రం "నాకెందుకమ్మా ఈ చాకిరీ" అంటుంది.

ఆ కుర్చీలో కూర్చుని ఆమె చేసిన మంచిపనుల్లో కోతపండుగ కట్టుబాటు ఒకటి. పండుగనాడు ఎవరి పంటలో తొలిభాగం వాళ్ళు తెచ్చి దేవుడికి ఇస్తారు. వడ్లు, గుమ్మడికాయలు, నిమ్మకాయలు, కోళ్ళు, గొర్రెలు, ఐసు పెట్టెలో రొయ్యలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఇదివరకు ఎవరేం తెచ్చారో పేరు పెట్టి చదివేవాళ్ళు. పొట్టేలు తెచ్చినవాడు మీసం దువ్వేవాడు, సొరకాయ తెచ్చినవాడు తల దించుకునేవాడు. ఒకసారి రెబెక్కమ్మ అనే పేదరాలు కోడిగుడ్లు కొంగులో దాచుకుని, పేరు చదువుతారన్న భయంతో గుమ్మంలోంచే వెనక్కిపోయింది. అది సామ్రాజ్యమ్మ కంటబడింది. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పలేదా? ఇకమీద ఎవరు తెచ్చింది వాళ్ళు చప్పుడు చేయకుండా చర్చి కంచె దగ్గర పెట్టిపోవాలి, ఎవరిదని ఎవరూ అడగకూడదని కట్టుబాటు పెట్టింది. ఊరంతా మెచ్చుకుంది.

ఈ యేడు గొడ్డూ గోదా చూసే పని క్యాథరిన్‌కి అప్పగించింది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, చెప్పిన మాట జవదాటదు. "కంచెకి కట్టిందల్లా కానుకే. ఎవురిదని అడిగినావంటే నాలిక కోసేస్తా" అని సామ్రాజ్యమ్మ ముద్దుగానే హెచ్చరించింది. ఆ పిల్ల తలూపింది.

సరిగ్గా ఆ పొద్దునే పద్మనాభయ్య కోట పశువుల ఆసుపత్రి నుంచి తన పొట్టేలును తోలుకొస్తున్నాడు. ఈయన వెంకటశేషమ్మ పెనిమిటి. మోకాలి ఆపరేషను బాగా జరిగితే ఇస్తానని ఆమె పోలేరమ్మకు మొక్కుకున్న పొట్టేలది. నుదుట పసుపూ కుంకుమా పెట్టి మరీ మేపుతోంది. దారిలో కాలవ కనబడితే ఈ పెద్దమనిషి దాన్ని శుభ్రంగా కడిగాడు, పసుపూ కుంకుమా కాలవపాలు. ఎండ చుర్రుమంటోంది. చర్చి కంచె పక్కన నీడ కనబడింది. పొట్టేలును అక్కడ కట్టేసి, ఎదురుగా టీకొట్లో కూర్చున్నాడు. అక్కడ రొయ్యల ధర గురించి మాట వచ్చింది. ఆ మాట మొదలైతే మన ఊళ్ళల్లో ఎవరు లేచారు గనక ఆయన లేవడానికి!

లోపల సంఘపెద్ద లాజరస్ వేలం పాట అందుకున్నాడు. అతని గొంతుకు మైకు దండగ. కంచె నుంచి క్యాథరిన్ విప్పి తెచ్చిన నిగనిగలాడే పొట్టేలును చూసి జనం పోటీలు పడ్డారు. రొయ్యల మేత అమ్మే బెన్హర్ పాడుకుని, గొప్పకు పోయి అక్కడికక్కడే చర్చిలో అందరికీ పెట్టే ప్రేమవిందుకి ఇచ్చేశాడు. వంటవాళ్ళు కత్తులు నూరారు.

విందువేళకు పద్మనాభయ్య టీకొట్లోంచి లేచాడు. "రా అన్నా, కూచో" అని సామ్రాజ్యమ్మే చెయ్యి పట్టుకుని పంక్తిలో కూర్చోబెట్టింది. ఇంటావిడతో మాటల్లేకపోతే మాత్రం, అన్నకు అన్నం పెట్టకుండా ఉంటుందా? ఆయన ఒక ముద్ద తిని కళ్ళు మూసుకున్నాడు.

"ఏం కూరమ్మా ఇది! లేత పొట్టేలు. మంచి మేత మేసినట్టుండాది."

"ఇంకొంచెం వేసుకో అన్నా."

మారు వడ్డించుకున్నాడు. మూలుగ ఎముక చప్పుడొచ్చేలా జుర్రాడు. బ్రేవుమని త్రేన్చి, చెయ్యి కడుక్కుని, కంచె దగ్గరికి పోయాడు. తాడుంది. పొట్టేలు లేదు.

"నా పొట్టేలేది?" అని ఆయన అరిచిన అరుపుకు పంక్తిలో చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. క్యాథరిన్ మొహం తెల్లబోయింది. లాజరస్ తన ఆకులోని ఎముకల కేసి చూసి, మెల్లగా ఆకు మడిచేశాడు. జరిగింది తెలిశాక పద్మనాభయ్య నెత్తిన చేతులు పెట్టుకుని, "పొట్టేలు పోతే పోయిందిలేమ్మా, నేను తిన్నానని మాత్రం మా ఆడమనిషికి చెప్పబాకండి" అని బతిమాలాడు. అలాంటి మాట ఊళ్ళో దాగుతుందా? ఆయన ఇల్లు చేరేలోపే చేరింది.

వెంకటశేషమ్మ వీధిలోకొచ్చి దుమ్మెత్తి పోస్తుందని అందరూ ఎదురుచూశారు. ఆమె రాలేదు. మొగుడికి మాత్రం అన్నం బంద్ చేసింది. "అమ్మవారి వాటా తిన్నోడివి, నీకింక ఆకలేంది?" అందట.

ఊరు ఊరుకుంటుందా! పోయినేటి మాట దుమ్ము దులుపుకుని లేచింది. ఆదివారం సమాజం మీటింగుంది. ఆ ముందురోజు సాయంత్రం సామ్రాజ్యమ్మ చేపలు తోముతుంటే జకరయ్య వచ్చి పక్కన పీట వేసుకున్నాడు.

"ఊళ్ళో ఏమంటుండారో ఇన్నావా?"

"నేనేమన్నా ఆ తాడు ఇప్పినానా?" అంది ఆమె విసురుగా.

"వెంకటశేషమ్మ మాత్రం మిషను ఆపిందా?"

ఆమె చేప పొలుసు ఆయన మీద పడేలా తోమింది. కానీ ఆ మాట లోపల దిగబడింది. ఇన్నాళ్ళూ తన కిందవాళ్ళు తప్పు చేయలేదు కాబట్టి ఆ న్యాయం ఎంత తియ్యగా ఉండేది! ఇప్పుడు తన దగ్గరికొచ్చేసరికి గొంతులో ముల్లయింది. కుర్చీ దిగితే తనను ఎవరు పిలుస్తారు, ఎవరు అడుగుతారు? మళ్ళీ జకరయ్య పెళ్ళామేనా? చేపలు కడిగి ముగించేసరికి ఆమెకు ఒక ఉపాయం తట్టింది. దిగిపోతానని తనే అంటుంది. వద్దక్కా అని అందరూ కాళ్ళావేళ్ళా పడతారు. సరే, మీ మాట తీసెయ్యలేక, అని కూర్చుండిపోతుంది. మాట దక్కుతుంది, కుర్చీ దక్కుతుంది.

సంఘపెద్దలు కూడా కూర్చున్న ఆ మీటింగులో లాజరస్ ముందుగా లేచాడు. "దీంట్లో నానా రకాలుగా ఆలోచించేదేముంది? ఇప్పింది ఈ పిల్ల. చూసుకోకుండా ఇప్పినందుకు సమాజం పనుల్లోంచి తీసేస్తే సరిపోతాది. ఒక కుండ పగిలిందని కుమ్మరి సారె మానుకుంటాడా? పెద్దోళ్ళు దిగేంత పనేం లేదు."

క్యాథరిన్ గోడవైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. నాలిక కోస్తానంటే నవ్వుతూ తలూపిన పిల్ల. ఆ భుజాల్ని చూశాక సామ్రాజ్యమ్మ ఉపాయం, లెక్కా అన్నీ ఎటుపోయాయో పోయాయి. లేచి నిలబడింది.

"ఎవురిదని అడగొద్దని చెప్పింది నేను. ఆ పిల్ల నా మాట ఇన్నది, అంతే. కట్టేటోళ్ళలో వేరేవోళ్ళు ఉంటారేమోనని ఆలోచించాల్సింది నేను. ఆ పిల్లని ఎవురూ ఒక్క మాట అనబాకండి. నేను దిగిపోతుండా."

అనేశాక ఒక్క క్షణం ఆగింది. ఎంతైనా మనిషి కదా, ఒక్కరైనా వద్దంటారేమోనని చూసింది. రెబెక్కమ్మ లేచింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"మా అక్క మాటంటే మాటే! పోయినేడు ఏం చెప్పిందో ఈ యేడు అదే చేసింది. ఇట్టాంటి మనిషి యాడుంటాది?" అంటూ చప్పట్లు కొట్టింది.

ఇంకేముంది! అందరూ కొట్టారు. చర్చి కప్పు ఎగిరిపోయేలా కొట్టారు. ఆ చప్పట్లలోనే సామ్రాజ్యమ్మ పదవి గంగలో కలిసింది. పాస్టరు అయ్యగారు ముగింపు ప్రార్థన చేశారు.

ఆ తర్వాత ఆమె ఇంటికి ఒక్క పురుగు రాలేదు. కోపం ఉండి కాదు. దిగిపోయిన మనిషితో ఏం మాట్లాడాలో తెలియక, వీధిలో పోయేవాళ్ళు ఆమె అరుగు దగ్గరికొచ్చేసరికి చెప్పులకేసి చూసుకుంటూ పోతున్నారు. "దోస పిండి అయిపోయిందక్కా" అనేవాళ్ళు లేరు, "మా కోడలికి నువ్వన్నా చెప్పక్కా" అనేవాళ్ళు లేరు. వాకిలి ఊడ్చి ఊడ్చి ఆమెకు విసుగొచ్చింది. జకరయ్య పాపం కాఫీ పెట్టివ్వమని మాటిమాటికీ అడుగుతున్నాడు, ఆమెకు పని ఉండాలని.

పదవి పోయినా పొట్టేలు బాకీ పోలేదు. సామ్రాజ్యమ్మ క్యాథరిన్‌ను వెంటబెట్టుకుని సంతకు పోయి, పళ్ళు చూసి, వెన్ను నిమిరి, పోయినదానికంటే దిట్టమైన పొట్టేలును తన సొంత డబ్బుతో కొంది. క్యాథరిన్‌ను ఇంటికి పంపేసి, ఒక్కతే దాన్ని లాక్కుంటూ వెంకటశేషమ్మ వాకిట్లోకి పోయింది. లాగిందో, పొట్టేలే ఆమెను లాగిందో! కొంగు జారి, ముడి ఊడి, ఆయాసపడుతూ నిలబడింది.

వెంకటశేషమ్మ పొట్టేలును చూసింది. తర్వాత ఆమెను చూసింది.

"దిగిపోయినావంట గదా?"

"దిగినా వదినా."

"ఎవురన్నా మీ ఇంటికొచ్చినారా?"

"లేదు."

"అప్పుడు మా ఇంటికీ రాలేదు" అంది వెంకటశేషమ్మ.

సామ్రాజ్యమ్మ జారిన కొంగు సర్దుకుంది.

"నువ్వన్నది తప్పు గాదులే" అంది వెంకటశేషమ్మ తాడు అందుకుంటూ. "నేను దిగిన కాడినించి సుశీల్ కుమార్ ఆ మిషను పక్కనే పడుకుంటుండాడు. పెద్దోళ్ళు దిగితే కిందోళ్ళకి భయముంటాది, సబబే. నాకు దానికి ఏడుపు రాలేదు. దిగి ఇంటికొచ్చినాక, ఒక్క మనిషన్నా వచ్చి, కూడు తిన్నావా అని అడగలేదే, దానికి ఏడిచినా. ఎవురొచ్చినా రాకపోయినా నువ్వొస్తావనుకున్నా."

"రావాల్సింది వదినా" అంది సామ్రాజ్యమ్మ. కళ్ళు తుడుచుకుంది, ముక్కు చీదింది.

"చాల్లే, పొట్టేలు బెదురుతాది. లోపలికి రా."

"అమ్మవారికి కోపమొస్తాదంటావా?"

"ఊరోళ్ళు కడుపునిండా తిన్నారు, అమ్మకేం కోపం? మారు వడ్డించుకున్నోడి సంగతి మాత్రం ఆమె చూసుకుంటాది" అంది వెంకటశేషమ్మ, వసారాలో పేపరు చాటున దాక్కున్న మొగుడికి వినబడేలా. ఇద్దరూ పకపకా నవ్వారు. పేపరు ఇంకొంచెం పైకి లేచింది.

మర్నాడు పొద్దున్నే వెంకటశేషమ్మ పట్టుచీర కట్టింది. చేలగట్టు మీద దగ్గర దారి ఉంది. ఆ దారిన పోలేదు. కొత్త మోకాలితో, నడివీధిన, తీరిగ్గా నడిచింది. కనబడ్డ ప్రతి గుమ్మం ముందూ ఆగింది.

"ఏమ్మే, దిగిపోయిన పెద్దని పలకరించొద్దా? మర్యాద తెలీదా? నేను పోతుండా, మీరూ రాండి."

వెళ్ళి సామ్రాజ్యమ్మ అరుగు మీద దర్జాగా కూర్చుంది. వెనకాలే క్యాథరిన్ వచ్చింది, రెబెక్కమ్మ వచ్చింది. టీకొట్టు జనం లేచి వచ్చారు. చివర్లో లాజరస్ కూడా వచ్చి, తలుపు చాటున నిలబడి గొంతు సవరించుకున్నాడు. జకరయ్య ఇరుగింటి నుంచి గ్లాసులు అరువు తెచ్చాడు.

సామ్రాజ్యమ్మకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఇంతమంది ఒక్కసారిగా వచ్చారంటే ఏదో ముంచుకొచ్చిందనే అనుకుంది. ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? కొంగు బిగించి రెబెక్కమ్మను అడిగింది.

"ఏంది సంగతి? ఏం పని మీదొచ్చినావు?"

"పనేం లేదక్కా" అంది రెబెక్కమ్మ. "ఊరికే నిన్ను చూసిపోదామని."

సామ్రాజ్యమ్మ ఆమెకేసి చూసింది. కాఫీకి చక్కెర తెస్తానంటూ గబగబా వంటింట్లోకి పోయింది. చక్కెర డబ్బా ఎదురుగానే ఉంది. అయినా అది దొరకడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.