మంచు ఎన్నింటికి ఆరుతుంది

మా ఊళ్లో ఎవరైనా ఇంట్లో గంజాయి పెంచుకోవాలంటే ముందు నా కిటికీ దగ్గరికి రావాలి. నేను పోస్టాఫీసు గుమస్తాని. ఉరుగ్వేలో ఆ నమోదు జరిగేది పోస్టాఫీసులోనే. ఇంటికి ఆరు మొక్కలు, పెంచే మనిషి పేరు, చిరునామా, కింద సంతకం. చట్టం వచ్చిన కొత్తలో జనం ముందు ఒక స్టాంపు కొని, వెనక ఎవరూ లేరని చూసుకుని, అప్పుడు గొంతు తగ్గించి అడిగేవాళ్లు. ఇప్పుడు ఆ సిగ్గేం లేదు. పెన్షన్ వరసలోనే నిలబడి చీడపీడల గురించి మాట్లాడుకుంటున్నారు.

హెబెర్ సిల్వెయిరా ఒక జూన్ నెలలో, మాకు చలికాలం అప్పుడు, నాలుగుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకు టీ తాగే గిన్నె. దరఖాస్తు మొదటినుంచి చివరిదాకా చదివేవాడు. "ఇవాళ కాదులే నీబియా," అని తిరిగిచ్చి వెళ్లిపోయేవాడు.

ఆయన ముప్పైరెండేళ్లు మా ఊరి వాతావరణ కేంద్రంలో పనిచేశాడు. కేంద్రం అంటే ఒక తెల్ల పెట్టె, వాన కొలిచే గొట్టం, హెబెర్. రోజుకు మూడుసార్లు తేమ, వేడి, వాన రాసి పైకి పంపేవాడు. రేపు వానొస్తుందా అని ఎవరైనా అడిగితే, "నిన్న ఎంత పడిందో చెప్పగలను," అనేవాడు. రిటైరయ్యాక పంపడం మానేశాడు గానీ రాయడం మానలేదు.

గంజాయి ఆలోచన ఆయన భార్య జుల్మాది. ఊళ్లో సగం మంది పెళ్లిబట్టలు కుట్టిన చేతులు ఆవిడవి. నాలుగేళ్లుగా కణుపులు వాచిపోయి వేళ్లు వంకర్లు తిరిగాయి. బంధువొకావిడ రాజధాని నుంచి గంజాయి వేసి కాచిన లేపనం చిన్న డబ్బాలో పంపింది. పదిహేను రోజులు రాసుకున్నాక జుల్మా తన బొత్తాలు తనే పెట్టుకుంది. తరవాత డబ్బా ఖాళీ అయింది.

"పెంచు," అంది మొగుడితో.

"ఆలోచిద్దాం," అన్నాడు హెబెర్.

"నన్ను చేసుకోమన్నప్పుడూ ఇదే మాట. నాలుగేళ్లు ఆలోచించావు."

"తరవాత తొందరపడ్డానని ఎప్పుడూ అనిపించలేదుగా."

ఆయన బాధల్లా తేమ. గంజాయి పువ్వు కోతకొచ్చేది మార్చిలో. మార్చి అంటే మాకు ఎండలు తగ్గి ముసుర్లు పట్టే కాలం. పైకి నిగనిగలాడుతున్న పువ్వు లోపల బూజు పట్టి బూడిదైపోతుంది, విప్పి చూసేదాకా తెలీదు. ముప్పైరెండేళ్ల మార్చి నెలల లెక్క ఆయన దగ్గరుంది. ఆ లెక్కలో ఒక్క మార్చి కూడా గంజాయికి అనుకూలంగా లేదు.

పోనీ గదిలో దీపం కింద పెంచుదామా అన్నాడు.

"ఏ గదిలో? అందులో మా అమ్మ మంచం ఉంది," అంది జుల్మా.

"మీ అమ్మ లేదుగా."

"మంచం ఉంది."

అలా గది పోయింది. మిగిలింది పెరడు. ఊరి చివర పొగాకు పండించే ఎలీదా అనే పెద్దావిడ దగ్గరికి వెళ్లి అడిగాడు. ఆవిడ ఆయన చెప్పిందంతా విని, పొగాకు కట్ట పక్కన పెట్టి, "పొద్దున మంచు ఎన్నింటికి ఆరుతుంది మీ పెరట్లో?" అంది. ఆయన లెక్కల పుస్తకాల్లో లేని ప్రశ్న అదొక్కటే. మర్నాటి నుంచి కూర్చుని చూశాడు. చుట్టూ ఎత్తు గోడ, మధ్యలో పెద్ద చెట్టు. పదకొండున్నర దాకా ఆకు మీద తడి పోవడం లేదు.

ఊళ్లో అన్నిటికన్నా ముందు మంచు ఆరే పెరడు గుట్ట మీద ఉంది. అది విల్మార్‌ది. విల్మార్ జుల్మాకి తమ్ముడు, రిటైరైన లారీ డ్రైవరు. హెబెర్‌తో పదకొండేళ్లుగా మాటల్లేవు. అప్పట్లో కొత్త సంవత్సరం రోజు ఇద్దరూ ఒక జట్టుగా త్రూకో అనే పేకాట ఆడారు. త్రూకోలో చేతిలో ఏ ముక్క ఉందో జట్టువాడికి కంటి సైగతో చెబుతారు. హెబెర్ కన్ను కొట్టాడు. మంచి ముక్క ఉందనుకుని విల్మార్ గొర్రెపిల్లని పందెం కాసి ఓడిపోయాడు. తీరా చూస్తే కంట్లో నలుసు పడిందన్నాడు హెబెర్. అంతే.

జూలైలో విల్మార్ నా దగ్గరికి చేతులు ఊపుకుంటూ వచ్చాడు.

"నీబియా, మా బావకి మతిగాని పోయిందా? రోజూ ఏడుకి, తొమ్మిదికి, పదికి మా కంచె దగ్గర నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. నా చావుకి ముహూర్తం పెడుతున్నాడా?"

"ఏమో, మీరే అడగండి."

"నేనెందుకడుగుతాను? మాటల్లేవుగా."

ఐదోసారి హెబెర్ వచ్చినప్పుడు నేనే ఉండబట్టలేక చెప్పాను. మొక్కలు ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి మనిషే నమోదు చేసుకోవాలి. విల్మార్ పెరట్లో వేస్తే విల్మార్ సంతకమే కావాలి. ఆయన దరఖాస్తు తిప్పి సంతకం చోటు మళ్లీ చదివాడు.

"వాళ్ల తమ్ముడితో చెప్పమని జుల్మా గారినే అడగొచ్చుగా?" అన్నాను.

"తన చేతుల సంగతి వాడికి తెలీకూడదంటుంది. చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచిందట. ఇప్పుడు వాడు జాలిపడితే చూడలేదట." ఫ్లాస్కు ఒక చంకలోంచి రెండో చంకలోకి మార్చుకున్నాడు. "నేను బతుకంతా జరిగిందే రాశాను నీబియా. జరగబోయేదాన్ని ఎప్పుడూ నెత్తిన వేసుకోలేదు. పంట బూజు పట్టిపోతే ఆవిడ చేతులు ఇంకో ఏడాది ఇలాగే ఉండాలి."

తరవాత స్టాంపు కొన్నాడు. రెండొందల గజాల దూరంలో ఉన్న బావమరిదికి ఉత్తరం రాసి డబ్బాలో వేశాడు. దాన్ని నేనే పట్టుకెళ్లి ఇచ్చాను. విల్మార్ నా ఎదురుగానే పైకి చదివాడు.

"విల్మార్, మీ క్యాబేజీ ఆకుల మీద మంచు తొమ్మిదింపావుకి ఆరిపోతోంది. మా పెరట్లో పదకొండున్నర. ఇందులో నీ గొప్పేం లేదు, గొప్పంతా గుట్టది. ఆరు గంజాయి మొక్కలకి చోటు, నీ సంతకం కావాలి. హెబెర్."

జవాబు కూడా పోస్టులోనే వచ్చింది. హెబెర్ దాన్ని నాకు చూపించాడు.

"హెబెర్, నలభై ఏళ్లు సరిహద్దులో నా లారీ ఆపి ఆ ఆకు కోసమే వెతికారు. ఒకసారి మూడొందల కమలాల పెట్టెలు దింపించి, ఏమీ లేదని మళ్లీ నా చేతే ఎక్కించారు. ఇప్పుడు నేనే నా పెరట్లో పెట్టుకుని సంతకం కూడా చెయ్యాలా? మంచు కావాలంటే చూసుకో, వీధిలోంచే. విల్మార్. తా.క. కంట్లో నలుసు పోయిందా?"

"చేతిరాత బాగుపడింది," అన్నాడు హెబెర్, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంటూ.

ఆగస్టు పెన్షన్ రోజు జుల్మా ఒక్కతే వచ్చింది. హెబెర్‌కి జలుబు. రసీదు మీద సంతకం పెట్టాలి. కలం వేళ్ల మధ్య నిలవలేదు, జారిపోయింది. నేను తీసిచ్చాను. మళ్లీ జారి కిటికీ గట్టు కిందికి దొర్లింది. వరసలో నాలుగో మనిషి వచ్చి వంగి తీశాడు. విల్మార్. ఆవిడ కలాన్ని పిల్లలు చెంచా పట్టుకున్నట్టు గుప్పిట్లో బిగించి సంతకం పూర్తి చేసేదాకా పక్కనే నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచి అక్కా?"

"ఏది?"

"చేతులు."

"చలికాలం కదరా."

"నీ పుట్టినరోజు ఎండాకాలంలో వచ్చింది. కేకు నన్ను కొయ్యమన్నావు."

"నువ్వు బాగా కోస్తావని."

"నేను బాగా కొయ్యను."

ఆవిడ సంచి సర్దుకుని, తల ఎత్తుకుని వెళ్లిపోయింది. అతను మళ్లీ వరస చివరికి వెళ్లి నిలబడ్డాడు. తన వంతు వచ్చాక, "ఆ కాగితం ఇయ్యి," అన్నాడు.

"ఏ కాగితం?"

"మా బావ చదువుతున్న కాగితం."

సంతకం చేశాడు. చదివి చెయ్యమని చెప్పడం నా ఉద్యోగం, చెప్పాను. "వాడు ఇద్దరి తరఫునా చదివాడులే," అన్నాడు.

అక్టోబరులో ఆరు మొక్కలు గుట్ట మీద నాటారు. హెబెర్ రోజూ పొద్దున ఏడింటికి వెళ్లేవాడు. మాటలు మాత్రం అప్పటికీ లేవు. జుల్మా మధ్యలో కుర్చీ వేసుకుని ఇద్దరికీ మాతే అందించేది. "ఈ మొక్కకి నీళ్లు ఎక్కువయ్యాయి," అని హెబెర్ మొక్కతో చెప్పేవాడు. "ఎక్కువైతే అది చెప్పదేంట్రా," అని విల్మార్ తన కుక్కని అడిగేవాడు. కుక్క ఎవరి పక్షమూ వహించలేదు.

డిసెంబరులో ఒక పొద్దున వెళ్లేసరికి ఒక మొక్కకి కాడ తప్ప ఏమీ లేదు. ఆకు కోసుకుపోయే చీమలు. వరసగా, ఒక్కో చీమ ఒక్కో ముక్క జెండాలా ఎత్తుకుని, ఇంకా మోస్తూనే ఉన్నాయి. విల్మార్ నీళ్లు మరిగించాడు. హెబెర్ చీమలు ఎన్ని గజాలు వచ్చాయో కొలిచాడు. జనవరిలో ఇంకో మొక్క మగదని తేలింది. మగది ఉంటే మిగతావన్నీ గింజ పట్టి పాడవుతాయి, కాబట్టి పీకెయ్యాలి. "ఈ ఇంట్లో మగాడికి ఎప్పుడూ ఇదే గతి," అన్నాడు విల్మార్, పెళ్లాం రెండోసారి వదిలేసి వెళ్లిన మనిషి కాబట్టి ఎవరూ నవ్వలేదు.

నాలుగు మిగిలాయి. మార్చి వచ్చేసరికి మనిషెత్తు పెరిగి పువ్వులు బరువుగా వంగాయి. అప్పుడు వాన పట్టుకుంది. రోజూ ఉండుండి దంచేది. ఆరోరోజు ఆదివారం. నేను తోర్తా ఫ్రీతాలు, పూరీల్లాంటివి, వేయించి పట్టుకెళ్లాను, వానలో వేరే చేసే పనేముంది. వాళ్లు ముగ్గురూ వసారాలో కూర్చుని మొక్కల్ని చూస్తున్నారు, ఆసుపత్రిలో కూర్చున్నట్టు.

హెబెర్ ఒక పువ్వు తెంపి బొటనవేళ్లతో విప్పాడు. లోపల ఇంకా శుభ్రంగా ఉంది.

"ఇంకో వారం ఉంటే పండుతుంది," అన్నాడు విల్మార్ కుక్కతో. "మంగళవారం దక్షిణపు గాలి తిరుగుతుంది. అన్నీ ఆరిపోతాయి."

హెబెర్ కుక్క వైపు చూశాడు, తరవాత నేరుగా బావమరిది వైపు చూశాడు. "విల్మార్, మూర్ఖంగా మాట్లాడకు. తేమ తొంభైమూడు. ఇవాళే కొయ్యాలి."

"ఇదిగో! నోరొచ్చింది మహానుభావుడికి!"

"గాలి తిరుగుతుందని నీకెలా తెలుసు?"

"నడుం చెబుతోంది. నలభై ఏళ్ల లారీ నడుం."

"ఆ నడుం చెప్పినవి ఎక్కడైనా రాసిపెట్టావా?"

"నువ్వు అన్నీ రాసిపెట్టావుగా, ఒక్క వానైనా ఆపావా?"

పదకొండేళ్ల మాటలు ఒక్కసారిగా బయటికొచ్చాయి. గొర్రెపిల్ల వచ్చింది, నలుసు వచ్చింది, అంతకు ముందు ఎవరిదో పెళ్లిలో జరిగిన కుర్చీల గొడవ కూడా వచ్చింది. ఎవరూ తోర్తాలు ముట్టుకోలేదు. నేను రెండు తిన్నాను.

జుల్మా కుర్చీలోంచి లేచింది. "రెండు కొయ్యండి. రెండు ఉంచండి. నా చేతులు కూడా రెండే."

కోసిన రెండూ విల్మార్ షెడ్డులో తలకిందులుగా వేలాడదీశారు. హెబెర్ పొద్దుటా సాయంత్రం వెళ్లి తిప్పేవాడు. పచ్చిగానే కోశారు కాబట్టి పాలిపోయిన రంగులో ఎండాయి.

దక్షిణపు గాలి వచ్చింది. మంగళవారం కాదు, శుక్రవారం. ఉంచిన రెండిట్లో ఒకదాని పువ్వు విప్పితే పాత పరుపులో దూదిలా ఉంది. విల్మార్ దాన్ని గుట్ట కిందికి విసిరేశాడు. హెబెర్ ఒక్క ముక్క అనలేదు. నేను అంటాడనుకున్నాను. రెండోది ఎలాంటి మచ్చా లేకుండా, చేతికి జిగురంటుకునేంత బాగా పండింది. అప్పుడు విల్మార్ కూడా ఏమీ అనలేదు. ఊళ్లో మాత్రం ఇద్దరూ విడివిడిగా తమ మాటే నిజమైందని చెప్పుకున్నారు. వినేవాళ్లు ఇద్దరికీ తల ఊపారు.

ఎండిన పువ్వు మొత్తం మూడు సీసాలైంది. జుల్మా దాన్ని నూనెలో సన్నసెగ మీద కాచి తేనెమైనం కలిపింది. కలిపింది అంటే, కుర్చీలో కూర్చుని చెప్పింది, కలిపింది వాళ్లిద్దరూ. ఇంకొంచెం తిప్పు అని ఒకరు, చాలు దించు అని ఒకరు. మేలో చలి మొదలయ్యాక వెళ్లి ఎలా ఉందని అడిగాను.

"నొప్పి పోలేదే," అంది. "పక్క గదిలోకి వెళ్లి కూర్చుంది. పిలిస్తే వస్తుంది." అంటూనే కుళాయి తనే తిప్పి, నీళ్లు పట్టి, పొయ్యి మీద పెట్టింది. ఆవిడ ఆ మూడు పనులూ చేస్తుంటే హెబెర్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. అక్కడ చూడ్డానికేమీ లేదు, గోడే.

వెళ్లబోతుంటే నా చేతిలో ఒక చిన్న డబ్బా పెట్టింది. నా మోకాలి సంగతి ఎవరు చెప్పారో తెలీదు. వారం రోజులు రాశాను. మోకాలు ఎప్పట్లాగే ఉంది. ఆవిడ పెన్షన్‌కి వచ్చినప్పుడు, "చాలా నయం," అన్నాను.

జుల్మా రసీదు మీద సంతకం పెట్టి, కలం నా చేతికి అందించింది. "అబద్ధాలాడకు. విల్మార్ నడుముకీ పనిచెయ్యలేదు."